అక్రోబాట్‌లో ట్యాగులు వేస్తే డిజైన్ ఎందుకు చెదురుతుంది: ఏళ్ల తరబడి వాడాక నా సమీక్ష

డిజైన్ చేసిన పీడీఎఫ్‌లను చూపులేని వాళ్లు కూడా చదువుకునేలా తయారు చేసి ఇవ్వడం ఇప్పుడు నా ప్రధాన వృత్తి. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో డీటీపీతో మొదలుపెట్టినవాణ్ని. శుభలేఖలు, కరపత్రాలు, కాలేజీ సావనీర్లు చేసిన చేతులతోనే ఇవాళ కంపెనీల వార్షిక నివేదికలకు ట్యాగులు, అంటే ఏది శీర్షిక, ఏది పేరా, ఏది బొమ్మ అని చెప్పే కనపడని గుర్తులు వేస్తున్నాను. రోజూ తెరిచేవి నాలుగే: పేజీలు డిజైన్ చేసే ఇన్‌డిజైన్, పీడీఎఫ్‌లను సరిచేసే అక్రోబాట్ ప్రో, ట్యాగుల తనిఖీకి ప్యాక్ అనే ప్రోగ్రామ్, చెవితో విని చూసుకోవడానికి తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ. వీటిలో నన్ను ఎక్కువ ఏడిపించిందీ, ఎక్కువ అన్నం పెట్టిందీ అక్రోబాటే కాబట్టి ఈ సమీక్ష చాలావరకు దాని గురించే.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. అక్రోబాట్‌లో ట్యాగ్స్ ప్యానెల్ చూడ్డానికి మొరటుగా ఉంటుంది కానీ నమ్మదగ్గది. పేజీ మీద డబ్బాలు గీసి ట్యాగులు వేసే రీడింగ్ ఆర్డర్ టూల్ చూడ్డానికి సులువుగా ఉంటుంది. రంగుల బ్యాక్‌గ్రౌండ్లు, కోసిన ఫొటోలు, నీడలు ఉన్న పేజీ మీద మాత్రం దాని జోలికి వెళ్లొద్దు. ట్యాగులు వేశాక హెడ్డింగ్ మాయమవడం, గుండ్రటి ఫొటో చతురస్రం అయిపోవడం, బాక్సులో మాటలు కనపడకపోవడం లాంటి గోలలో సగానికి పైగా దాని దగ్గరే పుడుతుంది.

సీతమ్మధారలో ఉండే ఒక పెద్దాయన ఉన్నారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు, చూపు లేదు. నా ఫైళ్లు ముందుగా ఆయనే విని చెబుతారు. ఒకసారి వేరే ఊరి నుంచి ఎవరో తయారు చేసి పంపిన బ్రోషర్ ఆయనకు వచ్చింది. ఫోన్ చేసి, “నాకు శుభ్రంగా చదివిందండీ. మా కోడలు చూసి ఇందులో ఏమీ లేదు మావయ్యా, ఖాళీ పేజీ అంటోంది. ఏటిది?” అన్నారు. ఫైలు తెప్పించి చూస్తే ఆవిడ చెప్పిందే నిజం. రెండో పేజీ నిండా సముద్రం నీలం రంగు పరుచుకుని ఉంది. అక్షరాలన్నీ దాని కింద ఉన్నాయి. ట్యాగుల్లో అంతా సక్రమం, కంటికి మాత్రం శూన్యం.

ఇలా ఎందుకవుతుందో తెలుసుకుంటే సగం టెన్షన్ తగ్గుతుంది. పీడీఎఫ్ పేజీలో రెండు వేర్వేరు వరసలుంటాయి. ఒకటి, పేజీ మీద వస్తువులను గీసే వరస. ఇది గోడ మీద సినిమా పోస్టర్లు అంటించడం లాంటిది, తర్వాత అంటించింది ముందుదాన్ని కప్పేస్తుంది. రెండోది ట్యాగుల చెట్టు. ఏది శీర్షిక, ఏది పేరా, ఏది ముందు చదవాలి, ఏది తర్వాత అనేది అందులో ఉంటుంది. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్లు చదివేది ఈ రెండోదాన్ని. అక్రోబాట్‌లో ట్యాగ్స్ ప్యానెల్ ఈ చెట్టును చూపిస్తుంది. దాని పక్కనే ఉండే ఆర్డర్ ప్యానెల్ మాత్రం గీసే వరసను చూపిస్తుంది. పేరు చూసి చాలామంది “ఆర్డర్ అంటే చదివే క్రమమే కదా” అనుకుని అందులో వస్తువులను పైకీ కిందకీ లాగుతారు. లాగిన ప్రతిసారీ పోస్టర్ల వరస మారిపోతుంది. జాబితాలో పైనున్నది ముందు గీసేది, అంటే అన్నిటికంటే అడుగున ఉండేది. రంగు బ్యాక్‌గ్రౌండ్‌ను “ఇది అనవసరం, చివర్లో ఉండనీ” అని కిందకు లాగితే అది పేజీలో అన్నిటికంటే పైకి వచ్చి కూర్చుంటుంది.

రీడింగ్ ఆర్డర్ టూల్ చేసేదీ అదే, కాకపోతే మనకు తెలియకుండా చేస్తుంది. మౌస్‌తో డబ్బా గీసి “ఫిగర్” అనో “బ్యాక్‌గ్రౌండ్” అనో నొక్కితే ఒక్క ట్యాగు మారి ఊరుకోదు. ఆ డబ్బాలో పడిన వస్తువులను కొత్త కట్టగా కట్టి, గీసే వరసలో వేరేచోట పెట్టే అవకాశం ఉంది. సాదా వర్డ్ ఫైలు నుంచి వచ్చిన పేజీలో ఒకదాని మీద ఒకటి ఉండేవి లేవు కాబట్టి నష్టం కనపడదు. డిజైన్ ఉన్న పేజీలో వెంటనే కనపడుతుంది.

ఇప్పటికే అలా అయిపోయిన ఫైలు చేతికొస్తే చేసేది ఇది. ఆర్డర్ ప్యానెల్ తెరిచి ఆ పేజీలో ఒక్కో అంశం మీద క్లిక్ చేస్తే పేజీలో ఆ వస్తువు చుట్టూ గీత వెలుగుతుంది. మొత్తం పేజీని చుట్టేసే గీత దేనికి వస్తుందో అదే దొంగ. దాన్ని పట్టుకుని ఆ పేజీ జాబితాలో అన్నిటికంటే పైకి లాగితే కింద దాక్కున్న అక్షరాలు బయటికి వస్తాయి. కొన్నిసార్లు బ్యాక్‌గ్రౌండ్‌ను ఆర్టిఫ్యాక్ట్, అంటే స్క్రీన్ రీడర్ చదవక్కర్లేని అలంకారం, చేసేసి ఉంటారు, అప్పుడు అది ఆర్డర్ ప్యానెల్లో కనపడదు. కంటెంట్ ప్యానెల్‌కు వెళ్లి అక్కడ కంటైనర్లను, అంటే వస్తువుల కట్టలను, ఒక్కోటీ తెరిచి వెతకాలి. ఇది ఓపిక పని. లాగుతున్నప్పుడు చెయ్యి జారి ఒక కంటైనర్ లోపల ఇంకోటి పడితే అది మరో తలనొప్పి. నేను వాడిన వెర్షన్లలో ఈ ప్యానెళ్లలో చేసిన చాలా పనులకు కంట్రోల్ జెడ్ పనిచేయలేదు. అందుకే పేజీ పేజీకీ కొత్త నంబరుతో ఫైలు సేవ్ చేస్తాను. హార్డ్ డిస్క్ నిండితే నిండనీ.

ఫొటోల సంగతి ఇంకో రకం. ఇన్‌డిజైన్‌లో గుండ్రటి ఫ్రేములో పెట్టిన ఫొటో పీడీఎఫ్‌లోకి వచ్చేసరికి నిజంగా గుండ్రంగా ఉండదు. పూర్తి నలుచదరపు బొమ్మ ఉంటుంది, దాని ముందు “ఇంతవరకే చూపించు” అని ఒక క్లిప్పింగ్ పాత్ ఉంటుంది. రెండూ ఒకే కంటైనర్‌లో ఉన్నంతసేపు ఇబ్బంది లేదు. బొమ్మను ఒక్కదాన్నే పట్టుకుని బయటికి లాగితే ఆ కోత వెనకే ఉండిపోతుంది. అప్పుడు డైరెక్టరు గారి గుండ్రటి ముఖం చుట్టూ, డిజైనర్ కోసేసిన ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద స్విచ్ బోర్డు ప్రత్యక్షమవుతాయి. చూసి నవ్వుకున్నా క్లయింటు నవ్వడు. దీన్ని అక్రోబాట్‌లో సరిచేయడం కంటే పాత కాపీకి వెళ్లి ఆ పేజీని మళ్లీ మొదలుపెట్టడమే తొందరగా అవుతుంది.

నీడలూ అంతే. డ్రాప్ షాడో ఉన్న పేజీని పాత అలవాటు కొద్దీ పీడీఎఫ్ 1.3 కిందకు ఎగుమతి చేస్తే, ఆ వెర్షన్‌లో పారదర్శకత లేదు కాబట్టి అంతా ముక్కలు ముక్కలుగా కోసి అతికిస్తుంది. స్క్రీన్ మీద ముక్కల మధ్య సన్నటి తెల్లగీతలు కనపడతాయి. జూమ్ చేస్తే ఒకటి పోయి ఇంకోటి వస్తుంది, ప్రింటు తీస్తే సాధారణంగా ఉండవు. అంతకంటే పెద్ద నష్టం ఇంకోటి ఉంది. నీడ తగిలిన చోట అక్షరాలు కూడా గీతల బొమ్మలుగా మారిపోవచ్చు. అప్పుడు కంటికి అక్షరం ఉంటుంది, స్క్రీన్ రీడర్‌కు ఏమీ ఉండదు. ప్రెస్సుకు పంపడానికి పెట్టుకున్న పాత ప్రీసెట్‌తోనే వెబ్‌సైటు ఫైలు కూడా తీయడం మన ఊళ్లో మామూలే. నేను పారదర్శకత చెడకుండా ఉండే కొత్త వెర్షన్‌లోనే తీయమంటాను. పారదర్శకత 1.4 నుంచే ఉంది, 1.7 పెడితే మరీ మంచిది.

పని మొదలుపెట్టే ముందు అసలు ఫైలును ఒకసారి నిదానంగా చూడటం కూడా నేర్చుకున్నాను. తెల్ల లోగోకు డిజైనర్ ఓవర్‌ప్రింట్ (కింది రంగును తీయకుండా దాని మీదే అచ్చు వేయడం) పెట్టి వదిలేస్తే, ఓవర్‌ప్రింట్ ప్రివ్యూ ఆన్‌లో ఉన్న చోట ఆ లోగో కనపడదు. దానికీ ట్యాగులకూ ఏ సంబంధం లేదు. కానీ ఆఖరున ఫైలు ముట్టుకున్నది మనమే కాబట్టి ఆ తప్పు మన మెడకే చుట్టుకుంటుంది. “ఏటి బాబూ, మా లోగో ఏదీ?” అని ఫోన్ వస్తుంది. అసలు ఫైలు ఫొటో తీసి పెట్టుకుంటే మాట పడక్కర్లేదు.

మరి ట్యాగ్స్ ప్యానెల్‌లో పని ఎలా? అలంకారంగా ఉన్న బొమ్మను ఆర్టిఫ్యాక్ట్ చేయాలంటే డబ్బా గీయను. చెట్టులో దాని ట్యాగు వెతికి, రైట్ క్లిక్ చేసి, చేంజ్ ట్యాగ్ టు ఆర్టిఫ్యాక్ట్ నొక్కుతాను. పేజీలో వస్తువు ఉన్నచోటే ఉంటుంది. చదివే క్రమం మార్చాలంటే ట్యాగునే పైకో కిందకో లాగుతాను. శీర్షిక స్థాయి మార్చాలంటే ప్రాపర్టీస్‌లో మారుస్తాను. అసలు ట్యాగే లేని ముక్క ఉంటే సెలెక్ట్ చేసుకుని క్రియేట్ ట్యాగ్ ఫ్రమ్ సెలక్షన్ అంటాను. టేబుల్ ఎడిటర్ కూడా బాగుంది. కాలమ్ హెడ్డింగ్ సెల్‌కు హెడర్ అని, స్కోప్ అని పెట్టినా, కలిపేసిన గడులకు స్పాన్ చెప్పినా పేజీ రూపం చెక్కుచెదరదు. ఇది నెమ్మది పని, నిజమే. అరవై పేజీల నివేదికలో ఒక్కో ట్యాగూ తెరిచి చూస్తుంటే మెడ పట్టేస్తుంది. కానీ సాయంత్రం ఫైలు పంపించాక రాత్రి ఫోన్ రాదు.

అసలైన మందు మాత్రం ఇన్‌డిజైన్‌లోనే ఉంది. అక్కడ చేయాల్సింది చేస్తే అక్రోబాట్‌లో చివరి దుమ్ము దులపడం తప్ప పని ఉండదు. బ్యాక్‌గ్రౌండ్లు, రంగు పట్టీలు, అలంకారపు అలలు అన్నీ అడుగు లేయర్లో పెట్టి, ఆబ్జెక్ట్ ఎక్స్‌పోర్ట్ ఆప్షన్స్‌లో ఆర్టిఫ్యాక్ట్ అని చెప్పేయాలి. పేజీ నంబర్లు, పై పట్టీలు అన్ని పేజీలకూ మూసలా ఉండే పేరెంట్ పేజీలో ఉంటే వాటిని అదే చూసుకుంటుంది. ఫొటోలను సంబంధిత పేరాకు యాంకర్ చేయాలి, ఆల్ట్ టెక్స్ట్ (బొమ్మలో ఏముందో చెప్పే మాటలు) అక్కడే రాయాలి. పేరాగ్రాఫ్ స్టైళ్లకు ఏది హెచ్ 1 (పెద్ద శీర్షిక), ఏది హెచ్ 2 (ఉపశీర్షిక) అని ఎక్స్‌పోర్ట్ ట్యాగింగ్‌లో కట్టేయాలి. చివరగా ఆర్టికల్స్ ప్యానెల్‌లో కథలన్నీ చదివే వరసలో లాగి పెట్టి, ఆ ప్యానెల్ మెనూలో ట్యాగ్డ్ పీడీఎఫ్‌కు ఈ వరసే వాడమనే గుర్తు పెట్టాలి. ఈ గుర్తు మర్చిపోతే పడిన కష్టమంతా వృథా.

డిజైనర్లను ఒప్పించడమే కష్టం. “అన్నా, డిజైన్ అప్రూవ్ అయిపోయింది, ఇప్పుడు లేయర్లు ముట్టుకోమంటావా?” అంటాడు మధురవాడ కుర్రాడు. లేయర్లు సర్దినా బొమ్మ మారదు తమ్ముడూ అని పక్కన కూర్చుని ఒక పేజీ చేసి చూపించాక ఒప్పుకున్నాడు. ఇప్పుడు అతని ఫైలు వస్తే నాకు పండగే. రంగుల దగ్గర మాత్రం మా ఇద్దరికీ ఇప్పటికీ పడదు. లేత నీలం మీద తెల్ల అక్షరాలంటే అతనికి ప్రాణం. వికలాంగులకు వెబ్ అందుబాటులో ఉండాలని చెప్పే డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాల ప్రకారం మామూలు అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు 3:1 కాంట్రాస్ట్ ఉండాలి. ట్యాగులతో తీరే సమస్య కాదిది, డిజైన్ మారాల్సిందే.

తెలుగు పేజీల సంగతికి వస్తే వేరే పురాణం. ఇక్కడ చాలా ప్రెస్సుల్లో ఇప్పటికీ అను ఫాంట్లతో కూర్చిన పాత ఫైళ్లున్నాయి. అవి యూనికోడ్ కావు. కంటికి తెలుగు, లోపల ఏవో ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ వాటిని చదివితే భూతవైద్యం చేస్తున్నట్టు ఉంటుంది. వాటికి ట్యాగులు వేసి లాభం లేదు. యూనికోడ్‌లోకి మార్చి మళ్లీ కూర్చాలి, అప్పుడు లైన్లు విరిగే చోట్లు మారతాయి, పేజీలు మారతాయి, డిజైన్ మళ్లీ సర్దాలి. ఈ మాట రేటు మాట్లాడే ముందే చెప్పాలి.

యూనికోడ్ ఫాంటుతో చేసినా అంతా సాఫీ అనుకోవద్దు. ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ పెట్టకపోతే ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కన తేలతాయి. అది కంటికి తెలిసిపోతుంది కాబట్టి ఫర్వాలేదు. కంటికి తెలియనిది ఇంకోటి ఉంది. కొన్ని ఫాంట్లలో ఒత్తు గ్లిఫ్‌కు, అంటే ఒత్తు ఆకారానికి, సరైన యూనికోడ్ జత ఉండదు. పరీక్ష చాలా సులువు: పీడీఎఫ్‌లోంచి ఒక లైను కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. ఒక కవర్ పేజీలో అందమైన పెద్ద అక్షరాలతో ఉన్న “విశాఖపట్నం” నోట్‌ప్యాడ్‌లో “విశాఖపటం” అయి కూర్చుంది. ఎన్‌వీడీఏ కూడా అలాగే చదివింది. ఇలాంటి చోట్ల ఫాంటు మార్చడానికి వీల్లేకపోతే, ఆ మాట ఉన్న ట్యాగు ప్రాపర్టీస్‌లో యాక్చువల్ టెక్స్ట్ గడిలో సరైన మాట టైపు చేస్తాను. పేజీ రూపం అలాగే ఉంటుంది, చదివేది మాత్రం సరిగ్గా చదువుతుంది. శీర్షికలకు, ఒకటి రెండు మాటలకు ఇది అద్భుతంగా పనిచేస్తుంది. పేరాలకు పేరాలు ఇలా పూడ్చుకుంటూ పోవడం మాత్రం దండగ, ఫాంటు మార్చడమే దారి. పేరా మొదట్లో పెద్దగా వేసే డ్రాప్ క్యాప్‌కు కూడా ఇదే చిట్కా. మొదటి అక్షరం విడిగా, మిగతా మాట విడిగా చదవకుండా, రెండు ముక్కలనూ స్పాన్ అనే ఒక ట్యాగులో పెట్టి పూర్తి మాటను దానికి యాక్చువల్ టెక్స్ట్‌గా ఇస్తే సరిపోతుంది.

ఎడిట్ పీడీఎఫ్ టూల్‌తో తెలుగు అక్షరం దిద్దే సాహసం మాత్రం చేయకండి. ఒక్క అచ్చుతప్పు దిద్దబోతే లైనంతా గుణింతాలు చెల్లాచెదురు కావచ్చు. మూలం ఫైల్లో దిద్ది మళ్లీ తీసుకోవాలి. భాష పెట్టడం కూడా గుర్తుంచుకోవాలి. డాక్యుమెంట్ ప్రాపర్టీస్‌లో భాషల జాబితాలో తెలుగు కనపడకపోతే ఆ గడిలో “టీ ఈ” అనే రెండక్షరాల భాషా కోడ్‌ను ఇంగ్లీషులో నేరుగా టైపు చేయొచ్చు, తీసుకుంటుంది. తెలుగు పేజీకి ఇంగ్లీషు అని భాష పెట్టి ఉంటే ఎన్‌వీడీఏ తడబడుతుంది. దాంతో వచ్చే ఈస్పీక్ తెలుగు గొంతు రోబో మాట్లాడినట్టే ఉంటుంది, కానీ అక్షరం తేడా చెప్పడానికి అంతకంటే మంచి చెవి నాకు దొరకలేదు. పైగా ఉచితం.

తనిఖీ పరికరాల మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. అవి పేజీని చూడవు. ప్యాక్ ఉచితంగా దొరుకుతుంది, విండోస్‌లోనే పనిచేస్తుంది, అందరూ చదవగలిగే పీడీఎఫ్‌లకు ఉన్న పీడీఎఫ్/యూఏ అంటే ఐఎస్‌ఓ 14289 ప్రమాణానికి సరితూగుతుందో లేదో చకచకా చెబుతుంది, మంచి పరికరం. ఏ ట్యాగు ఎక్కడ తప్పిందో చూపించడంలో అక్రోబాట్ సొంత చెకర్ కంటే నాకు ఇదే నచ్చింది. కానీ సీతమ్మధార పెద్దాయనకు వచ్చిన ఆ నీలం పేజీని ప్యాక్‌లో పెడితే ఆకుపచ్చ టిక్కులే వచ్చాయి. ట్యాగుల లెక్కలో తప్పు లేదు మరి.

అందుకే రూపం తనిఖీ విడిగా చేస్తాను. మూలం పీడీఎఫ్‌నూ, ట్యాగులు వేసినదాన్నీ బొమ్మలుగా తీసి, ఫొటోషాప్‌లో రెండు లేయర్లుగా ఒకదాని మీద ఒకటి పెట్టి, పై లేయర్‌కు డిఫరెన్స్ మోడ్ పెడతాను. రెండూ ఒకటే అయితే పేజీ మొత్తం నల్లగా ఉంటుంది. ఎక్కడ తేడా ఉంటే అక్కడ మిణుకుమంటుంది. పెద్ద రిపోర్టుకు ఇది కుదరదు కాబట్టి డిఫ్-పీడీఎఫ్ అనే ఉచిత ప్రోగ్రామ్ వాడతాను. అక్రోబాట్‌లో ఉన్న కంపేర్ ఫైల్స్ కూడా మాటల తేడాలకు బాగుంటుంది. ఆ తర్వాత క్రోమ్‌లో, ఫోన్లో ఒకసారి తెరుస్తాను. క్లయింటు చూసేది వాట్సాప్‌లోనే కదా. స్క్రీన్ మీద సన్నగీతలు లావుగా కనపడుతున్నాయంటే మాత్రం ఫైలును అనుమానించే ముందు అక్రోబాట్ ప్రిఫరెన్సెస్‌లో ఎన్‌హాన్స్ థిన్ లైన్స్ ఆఫ్ చేసి చూడండి.

ఈ పని ఇప్పుడు పెరుగుతోంది. యూరప్‌లో యాక్సెసిబిలిటీ (వికలాంగులకు అందుబాటు) చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. మన దగ్గర 2016 వికలాంగుల హక్కుల చట్టం ఉంది, ఐఎస్ 17802 ప్రమాణం ఉంది, 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో యాక్సెసిబిలిటీకి తప్పనిసరి నియమాలు తేవాలని కేంద్రానికి చెప్పింది. దాంతో డిజైన్ అప్రూవ్ అయిపోయాక ఆఖరు రోజున “కాస్త యాక్సెసిబుల్ చేసి పంపండి” అనే ఫోన్లు ఎక్కువయ్యాయి. ఆఖరు రోజున చేతిలో ఉండేది పీడీఎఫ్ ఒక్కటే, ఇన్‌డిజైన్ ఫైలు ఎవరి దగ్గరుందో ఎవరికీ తెలియదు. రీడింగ్ ఆర్డర్ టూల్ మీదకు చెయ్యి పోయేది సరిగ్గా అప్పుడే.

ఒక్క చిక్కు మిగిలింది. కొందరు విదేశీ క్లయింట్ల పరీక్షకులు ట్యాగుల చెట్టు సరిగ్గా ఉన్నా ఒప్పుకోరు. ఆర్డర్ ప్యానెల్లో కూడా చదివే వరసే ఉండాలంటారు. పీడీఎఫ్/యూఏ చూసేది ట్యాగుల చెట్టునే కదా అని వాదించవచ్చు, వాదించాను కూడా. వాళ్ల మాటలోనూ కొంత న్యాయం ఉంది. చూపు తక్కువున్నవాళ్లు అక్రోబాట్‌లో రీఫ్లో పెట్టి పెద్దక్షరాలతో చదువుకుంటే, అది నడిచేది ఆ గీసే వరస మీదే. అలాంటి పనికి నేను అక్రోబాట్‌లో లాగుడు పెట్టుకోను. ఇన్‌డిజైన్‌లో లేయర్ల ప్యానెల్‌లోనే అడుగున బ్యాక్‌గ్రౌండ్, దాని మీద ముందుగా చదవాల్సిన ఫ్రేము, ఆపైన తర్వాతది అని కింది నుంచి పైకి పేర్చి ఎగుమతి చేస్తాను. ఇన్‌డిజైన్ ఫైలు ఇవ్వలేమంటే ఆర్డర్ ప్యానెల్ పనికి రేటు వేరు, గడువు వేరు అని కొటేషన్‌లోనే రాస్తున్నాను. అది చదివాక చాలామందికి ఆ ఫైలు ఎక్కడుందో గుర్తొస్తోంది.